నడిచినోనికి చెప్పులుండవా?

"బిడ్డా, మీ ఉస్తాద్ పోయిండు."

ఉస్తాద్ భార్య, నేను ఖాలా అని పిలిచే ఆమె, ఫోన్ చేసినప్పుడు నేను దుకాణం షట్టరు సగం లేపి ఉన్నాను. ఒక చేతిలో షట్టరు, ఒక చేతిలో ఫోను. పైకి లేపాలో కిందికి దించాలో తెలియక అట్లాగే నిలబడిపోయాను. ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన వచ్చి షట్టరు పట్టుకొని, "ఏమైందమ్మా?" అని అడిగాడు. నా మొహం చూసి ఆయనే తలకు కట్టుకున్న తువ్వాలు విప్పేశాడు.

అంతకుముందు రోజే దవాఖానలో చూసి వచ్చాను. పడుకునే ఉన్నారు గానీ నోరు మాత్రం పడుకోలేదు. డాక్టరమ్మ అటు తిరగగానే నన్ను దగ్గరికి రమ్మని, "ఆ కోటు సూడు బేటీ, భుజం ఎట్ల జారిందో. ఎవల్లో కుట్టిండ్రు, పాపం, అన్నం తినకుండ కుట్టిండ్రు" అన్నారు. ఆ మనిషి తెల్లారేసరికి లేరంటే నమ్మేదెట్లా?

చదువుతున్న మీలో చాలామంది ఆయన అంగీలు తొడిగే ఉంటారు. సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ వెనక సందులో 'జెంట్స్ టైలర్' అని మాత్రమే రాసి ఉండే బోర్డు ఆయనదే. దాని మీద పేరు ఉండేది కాదు. ఊరందరికీ ఉస్తాదే. నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చివర చెప్తాను.

నేను ఆ సందులోకి మొదటిసారి వచ్చింది రెండువేల మూడులో. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లారీ నడిపేవాడు. వాడపల్లి దగ్గర లారీ బోల్తాపడి పోయాడు. మూడేళ్ళ బిడ్డను చంకనేసుకొని సూర్యాపేటలో మా అమ్మ దగ్గరికి వచ్చాను. మా అత్తగారిది పెద్దవూర దిక్కు, గొర్లు కాసే కుటుంబం. దినాలు కాగానే మామ ఒకటే మాట చెప్పాడు. "బతుకుదెరువు లేని తల్లి కాడ పిల్ల ఎట్ల పెరుగుతది? బడిల ఏసే ఈడుకు మేం తోల్కపోతం." ఆయన చెడ్డవాడు కాదు. కొడుకు పోయాడు, కొడుకు రూపం ఈ పిల్లలో కనబడుతోంది, అది తన కళ్ళ ముందు ఉండాలని ఆశ. మరి నాకు? నాకూ ఈ లోకంలో మిగిలింది అదొక్కటే కదా! బడి ఈడు వచ్చేలోపు నా కాళ్ళ మీద నేను నిలబడాలి, లేకపోతే పిల్ల పెద్దవూర పోతుంది. నేను మిషన్ పట్టింది అందుకే. కళ మీద ప్రేమా గీమా ఏమీ లేదు.

జాకెట్లు కుట్టేవాళ్ళు గల్లీకి పదిమంది ఉన్నారు. అందుకే మగవాళ్ళ అంగీలు నేర్చుకుందామని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన కళ్ళద్దాల మీది నుంచి చూసి, "అంగీలు కుడ్తవా? నువ్వా? మొగోళ్ల కొలతలు ఎవలు తీస్తరు, మీ అమ్మ తీస్తదా?" అని నవ్వారు. నాకు మండింది. "కొలతలు మీరు తీయున్రి. కుట్టుడు నేను కుడ్త. బట్టకు నేను ఆడిదాన్నని ఎర్కైతదా?" అన్నాను. ఆయన నవ్వు ఆపి, చెప్పులు బయట విడిచి లోపలికి రమ్మన్నారు. కత్తిరించిన బట్టలు కిందనే పరిచి ఉండేవి కాబట్టి ఆ దుకాణంలోకి కలెక్టరు వచ్చినా చెప్పులు గడప బయటే.

సూది చేతికి ఇచ్చేముందు ఆయన కథ చెప్పారు. ఎవరు కొత్తగా చేరినా చెప్పేవారట. ఆదం తర్వాత కొన్ని తరాలకు ఇద్రీస్ అనే నబీ, అంటే ప్రవక్త, పుట్టారు. మనుషులు తోళ్ళు కప్పుకొని తిరిగే కాలం. సూదితో మొదట బట్ట కుట్టింది ఆయనే. సూది దిగినప్పుడల్లా దేవుని పేరు తలచుకునేవారు. ఎక్కడైనా పేరు మరిచి కుట్టు పడితే, అక్కడిదాకా విప్పి మళ్ళీ కుట్టేవారు. అట్లా కుట్టీ కుట్టీ చావక ముందే స్వర్గం చూసే వరం పొందారు. "చూసి బయటికి రావాలె, షరతు అది" అనేవారు ఉస్తాద్, గొంతు తగ్గించి. "వచ్చిండు. గడప దాటంగనే, అరెరె, నా చెప్పులు లోపల్నే మర్సిన, తెచ్చుకుంట అన్నడు. పోయిండు. ఇగ రాలే. ఎవలన్న ఎట్ల ఎల్లగొడ్తరు? చెప్పులు ఆడనే ఉండె గదా!" ఈ చోటికి వచ్చేసరికి ఆయన తానే ఆ చెప్పులు దాచినంత సంబరపడేవారు.

ఆ చెప్పుల కథను ఆయన దుకాణానికి ఆచారంగా మార్చేశారు. సాయంత్రం కట్టేసేటప్పుడు ఏ మిషన్ మీదా పని పూర్తికానిచ్చేవారు కాదు. ఏదో ఒక అంగీ సగం కుట్టు మీద ఉండాలి, సూది బట్టలోకి దిగి ఉండాలి. "చెప్పులు ఇడిసినం. రేపు వస్తం" అని దీపం ఆర్పేవారు. గిరాకీలకు మాత్రం ఈ ఆచారం అంటే ఒళ్ళుమంట. శుక్రవారం ఇస్తానన్న అంగీ శుక్రవారం ఇచ్చిన పాపాన పోలేదు ఆయన. ఒక పెండ్లికొడుకు అయితే గడపలో నిలబడి, "ఉస్తాద్, నీ ఇద్రీస్ సాబ్ చెప్పులు జన్నత్‌ల ఉండని. నా పెండ్లి అంగీ ఏడున్నది?" అని అరిచాడు. ఉస్తాద్ తొణకకుండా, "అయిపోయింది బేటా, గుండీలు తక్కువున్నయ్" అన్నారు. అప్పటికి ఆ బట్టకు కత్తెర కూడా తగల్లేదు. గుండీలకు కాజాలు తీసేదాన్ని నేనే కాబట్టి, ఈ అబద్ధాల పాపంలో సగం నా ఖాతాలోనే రాసి ఉంటారు.

ఆయనతో వాదం పెట్టుకోవడానికే పుట్టినట్టు ఒక పాస్టర్ గారు ఉండేవారు. మొదట సూర్యాపేటలోనే ఉండి తర్వాత కోదాడ చర్చికి మారారు. అయినా తెల్లచొక్కాలకు మాత్రం ఇక్కడికే బస్సెక్కి వచ్చేవారు. కోదాడలో టైలర్లు లేకనా? ఈ మనిషితో మాట్లాడకపోతే ఆయనకు పొద్దుపోయేది కాదు.

ఆ ఇద్రీసూ, తమ గ్రంథంలోని హనోకూ ఒకరేనని పాస్టర్ గారూ ఒప్పుకునేవారు. ఇద్దరూ వేళ్ళు మడిచి తరాలు లెక్కపెట్టి, ఓడ కట్టిన నోవహుకు ముత్తాత అని ఒకాయన, నూహ్ నబీకి ముత్తాత అని ఒకాయన ఒకే చోట ఆగేవారు. అక్కడి నుంచి లడాయి మొదలు.

"హనోకు దేవుడితో నడిచాడండీ. అలా నడుస్తూ నడుస్తూ ఒకరోజు కనబడలేదు. దేవుడే తీసుకెళ్ళిపోయాడు. మాకున్నది అంతే. సూది ఎక్కడిదండీ? చెప్పులు ఎక్కడివండీ? మీరు కలిపేశారు" అనేవారు పాస్టర్ గారు.

"నేనెందుకు కలుపుత? మా ఉస్తాద్ సెప్పిండు."

"ఆయన కలిపుంటారు."

ఉస్తాద్ చాక్ పీసు కింద పెట్టి, చాలా ఓపికగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పేవారు. "పాస్టర్ సాబ్, నడిచిండు నడిచిండు అంటున్నరు. మీరే అంటున్నరు, నేనంటలే. అంతదూరం నడిచినోనికి చెప్పులుండవా?"

పాస్టర్ గారికి నవ్వొచ్చేది. నవ్వితే ఓడిపోయినట్టని పెదవి బిగపట్టేవారు. "గ్రంథంలో లేదండీ" అని చొక్కా బట్ట ముందుకు తోసేవారు. ఈ వాదం నేను ఎన్నిసార్లు విన్నానో! ఒకసారి ఒక పెద్దమనిషి, ఐదుపూటలా నమాజు తప్పనివాడు, ఇదంతా విని, "ఉస్తాద్, చెప్పుల ముచ్చట కిస్సా, ఉత్త కథ. గట్టిది కాదు" అన్నాడు. ఉస్తాద్ వెంటనే, "కిస్సానే. నేను కాదన్ననా?" అన్నారు. ఆయన పోయాక పాస్టర్ గారి వైపు తిరిగి, "కిస్సా అయితే మాత్రం చెప్పులు అరిగిపోతయా?" అని మళ్ళీ మొదలు.

ఒకనాడు నన్నూ లాగారు. "మరి మీతట్టు ఎవలున్నరు బేటీ?" ఒంటితోనే పైకి పోయినోళ్ళు మాకూ చాలామందే ఉన్నారు గానీ సూది పట్టినవాడు ఎవరో నాకు తెలియదన్నాను. ఇంటికి పోయి మా అమ్మను అడిగితే, "మనకు మొదాలు గొంగడి నేసినోడే పెద్ద. సూదులు దారాలు తర్వాతొచ్చినయ్" అని తేల్చేసింది. ఈ మాట మర్నాడు చెప్తే ఉస్తాద్ తొడమీద చరుచుకున్నారు. "ఖతం! నేసినోడు మీతట్టు, కుట్టినోడు మాతట్టు, తొడుక్కొని నడిచినోడు పాస్టర్ సాబ్ తట్టు. ఇగ లడాయెందుకు?"

నవ్వులాటగా చెప్పుకుంటూ పోతున్నాను గానీ ఆ పేరు తలచే సంగతి ఆయనకు నవ్వులాట కాదు. నేను చేరిన రెండో ఏడు ఒకరోజు మామ దగ్గర్నుంచి ఫోనొచ్చింది, జూన్‌లో పిల్లను తోలుకపోవడానికి వస్తున్నానని. ఫోను పెట్టేసి మిషన్ ఎక్కాను. కోపమంతా కాళ్ళలోకి దిగింది. అంగీ పక్క కుట్టు గీత గీసినట్టు పడింది. నేనే మెచ్చుకున్నాను. ఉస్తాద్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఎవల మీద కుట్టినవ్ ఇది?" అన్నారు.

"వంకరున్నదా ఉస్తాద్?"

"లేదు. మస్తున్నది. ఇప్పు."

"సక్కగున్నదాన్ని ఎందుకిప్పాలె? గిరాకీ వచ్చి కూసున్నడు అంగీ కోసం!"

"కూసోని. కోపంతోని కుట్టింది ఒకని ఒంటిమీద ఎట్ల ఏద్దాం బిడ్డా? ఆయనేం పాపం చేసిండు?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. విప్పుతూ, మీరంటే దేవుని పేరు తలుస్తారు, నాకిప్పుడు ఏ దేవుని మీదా మనసు లేదు, నేనెవరి పేరు తలవాలని అడిగాను. మొగుడు పోయినప్పటి నుంచి గుడి మెట్టు ఎక్కలేదు నేను. ఆయన నేను విప్పిన దారం ముక్కలు ఏరి పక్కన పెట్టారు. తర్వాత, "ఎవల కోసం కుడుతున్నవో వాళ్ల పేరే అను. పైనున్నోనికి అన్ని పేర్లు అర్థమైతయ్" అన్నారు. ఆ రోజు నుంచి నేను నా బిడ్డ పేరుతోనే కుడుతున్నాను. మీరు నా దగ్గర కుట్టించుకున్న అంగీ ఏదైనా సరే, దాని నిండా ఒక ఆడపిల్ల పేరుంది.

జూన్‌లో మామ నిజంగానే వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. ఇంట్లో మా అమ్మతో మాటామాటా పెరిగి, తిన్నగా దుకాణానికే వచ్చాడు. నేను మిషన్ ఆపి లేచి నిలబడ్డాను. ఉస్తాద్ ఏమీ తెలియనట్టు, "రాండ్రి పటేలా, చెప్పులు గాడ ఇడిసి లోపలికి రాండ్రి. చాయ్ తాగుతరా?" అన్నారు. చాయ్ తెప్పించి, ఊరు, గొర్లు, వాన అన్నీ మాట్లాడి, చివరికి టేపు తీసి, "లేవున్రి, కొలత తీస్త" అన్నారు. మామ అదిరిపడ్డాడు. "నాకెందుకయ్యా అంగీ! నేను మనుమరాలి కోసమొచ్చిన."

"ఆమె కోసమే. మీ కోడలు ఏం పని చేస్తదో సూడకుండ బతుకుదెరువు లేదని ఎట్ల అంటరు?"

మా ఇళ్ళల్లో కోడలు మామ ఎదురుగా కూర్చోదు. ఇక టేపు పట్టుకొని మీద చెయ్యి వేయడమంటే కలలో మాట. అది ఉస్తాద్‌కు తెలుసు. అందుకే తాను కొలుస్తూ, ఒక్కో కొలతా గట్టిగా చెప్తూ, "రాసుకో బేటీ" అన్నారు. నేను తల దించుకొని గోడ వైపు తిరిగి రాసుకున్నాను. రాస్తుంటే తెలిసింది, భుజాల కొలత అచ్చం మా ఆయనదే. చెయ్యి ఆగిపోయింది. ఉస్తాద్ గమనించారేమో, ఆ కొలత రెండోసారి మెల్లగా చెప్పారు.

బట్ట కత్తిరించడం, కుట్టడం, కాజాలు, గుండీలు, అన్నీ నా చేతే చేయించారు. తాను చెయ్యి పెట్టలేదు. మామ బల్ల మీద కూర్చొని పొద్దంతా చూశాడు. ఆ మధ్యలో వచ్చిపోయిన గిరాకీలు 'అక్కా, నా అంగీ', 'అమ్మా, మా పిల్లగాని లాగు' అని నన్ను అడగడమూ చూశాడు. ఆయన బీడీలు, అగ్గిపెట్టె బొడ్లో దోపుకొని తిరుగుతాడని నాకు తెలుసు కాబట్టి, అవి తడవకుండా లోపల ఒక చిన్న జేబు వేశాను. మామ అంగీ తొడుక్కున్నాడు. ఆ జేబు చేతికి తగిలింది. అందులో చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఉస్తాద్ అద్దం చూపించబోతే వద్దన్నాడు.

"బడికి ఎండకాలం తాతిళ్లు ఇస్తరు గదా" అన్నాడు, నన్ను చూడకుండా. "అప్పుడన్న పంపుతవా బిడ్డా?"

"పంపుత మామా" అన్నాను.

ఆయన పోయాక చూస్తే కట్టె బల్ల పక్కనే ఉంది. తీసుకొని ఉరకబోతే ఉస్తాద్ ఆపారు. "యాడికి?"

"మామ కట్టె మర్సిండు."

"పిచ్చిదానా! గొర్లు కాసేటోడు కట్టె మరుస్తడా?" అని ఆయన కట్టెను జాగ్రత్తగా మూలకు ఆనించి, నన్ను చూసి కన్నుగీటారు. వారం తిరక్కుండా మామ కట్టె కోసం వచ్చాడు. మనుమరాలికి జున్నుపాలు తెచ్చాడు. తర్వాత ఎన్నిసార్లు వచ్చాడో, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోయాడు. నా బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి. సూర్యాపేటలో నా దగ్గరే చదువుతోంది.

ఆ తర్వాతి ఏండ్లు గబగబా పోయాయి. రెడీమేడ్ షాపులు దిగాయి, కుర్రవాళ్ళు మా గడప ఎక్కడం తగ్గించారు. ఉస్తాద్ చూపు మందగించింది. సూదిలో దారం నేనో, బడి నుంచి వచ్చాక నా బిడ్డో ఎక్కించి ఇచ్చేవాళ్ళం. "దారం ఎక్కించుడు మీ పని, పేరు ఎక్కించుడు నా పని" అనేవారు. కొత్త మోడల్ కాలర్లు కుట్టమంటే మాత్రం ససేమిరా వినేవారు కాదు. దాని మీద ఆయనకూ నాకూ రోజూ గొడవే. ఆ గొడవ లేక ఇప్పుడు చెవులు బోసిపోయాయి.

ఈ ఎండాకాలం, పాస్టర్ గారి తెల్లచొక్కాకు ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి సగంలో ఉండగా ఉస్తాద్ మిషన్ మీదనే పక్కకు ఒరిగిపోయారు. ఆయన కొడుకూ నేనూ కలిసి ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయాం. ఆ హడావుడిలో చెప్పులు ఎవరు తొడుగుతారు? అవి గడప ముందే ఉండిపోయాయి.

కడసారి చూపుకు ఇంటికి పోతే తెల్లటి బట్ట చుట్టి ఉన్నారు. కఫన్‌కు కుట్టు ఉండదని అప్పటిదాకా నాకు తెలియదు. ఖాలా నా చెయ్యి పట్టుకొని, "జిందగీ అంత ఊరందరికి కుట్టిండు. సూడు బిడ్డా, ఆయనకు ఒక్క కుట్టు లేదు" అంది. ఆయన నేర్పిన పని అంతా నా చేతుల్లో ఉంది. ఆయనకు చేయడానికి మాత్రం ఏమీ లేదు. జీవితంలో అంత బాధ రెండుసార్లే పడ్డాను. జనాజా వెంట ఆడవాళ్ళం పోలేదు. పాస్టర్ గారు ఖబరస్తాన్ గేటు దాకా నడిచారని తర్వాత తెలిసింది.

మూడోనాడు దుకాణం తెరిచాను. మిషన్ మీద ఆ చొక్కా, చెయ్యి సగంలో, సూది బట్టలోకి దిగి, ఆయన వదిలినట్టే ఉంది. ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో! ఇంతలో పాస్టర్ గారే వచ్చారు. గడప ముందున్న ఉస్తాద్ చెప్పులను చూసి ఆగిపోయారు. మడమల దగ్గర అరిగి, ఒక పట్టీకి ఆయనే దారంతో వేసుకున్న కుట్టు ఉంటుంది వాటికి. పాస్టర్ గారు తన చెప్పులు వాటి పక్కన విడిచి లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. "చొక్కా కోసం తొందరేమీ లేదమ్మా" అన్నారు.

"కూసోండ్రి సార్, ఇప్పుడే అయిపోతది" అన్నాను.

ఆయన వదిలిన కుట్టు దగ్గర్నుంచే మొదలుపెట్టాను. పదేళ్ళలో మొదటిసారి నా బిడ్డ పేరు కాకుండా ఇంకో పేరు అనుకుంటూ కుట్టాను. ఆ పేరు ఆ చేతి కుట్టులో ఉంది. అక్కడ ఉన్నది చాలు, ఇక్కడ రాయను.

కండ్ల నీళ్ళకు రెండుచోట్ల కుట్టు తప్పింది. విప్పి మళ్ళీ వేశాను. పాస్టర్ గారు హనోకు సంగతీ ఎత్తలేదు, ఇద్రీస్ సంగతీ ఎత్తలేదు. చొక్కా అందుకొని, పాతది విప్పి అక్కడే కొత్తది తొడుక్కున్నారు. రెండు చేతులూ ముందుకు చాపి, ఇద్దరం కుట్టిన ఆ చేతిని కాసేపు నిమిరారు. "వస్తానమ్మా" అని మెట్టు దిగారు.

నేను దారపు ముక్కలు ఏరుతూ తలెత్తి చూసేసరికి ఆయన సందు సగం దాటారు. కొత్త తెల్లచొక్కా మీద ఎండ మెరుస్తోంది. కాళ్ళకు చెప్పులు లేవు. "పాస్టర్ గారూ" అని కేకేయడానికి గడప దాకా ఉరికాను. మలుపు దగ్గర ఆయన ఆగి, వెనక్కి తిరిగి, ముందు గడప వైపు, తర్వాత నా వైపు చూశారు. ఆ పెదవి బిగపట్టడం నాకు తెలుసు. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాను! చెయ్యి ఊపి, కాలే నేల మీద కోదాడ బస్సు కోసం నడుచుకుంటూ పోయారు.

నేను పిలవలేదు. ఇప్పుడు గడప ముందు రెండు జతలున్నాయి. పొద్దున ఊడ్చేటప్పుడు వాటిని కదిలించకుండా చుట్టూ ఊడుస్తున్నాను.